భోజన్న చావు కబురు

బతికున్న మనిషి తన చావు కబురు తన చెవులతోనే వినడం ఎక్కడైనా ఉందా? ముద్ఖేడ్ దాటాక వచ్చే రైల్వే గేటు కాసిన భోజన్నకు ఆ భాగ్యం దక్కింది. అదీ సర్కారు ఫోనులో, డ్యూటీ మీద ఉండగా. ఆ తరువాత అతను చాలా ఏళ్లు బతికాడు. బతికాడంటే తిన్నాడు, పడుకున్నాడు, నెలనెలా పెన్షన్ తెచ్చుకున్నాడు. అంతే.

భోజన్నది కర్ఖేలి. నైజాం కాలంలో రైల్వే గ్యాంగులో కూలిగా చేరి, పట్టాల కింద కంకర కూరి కూరి నడుము వంగాక గేటు దగ్గర కూర్చునే నౌకరీ సంపాదించుకున్నాడు. హైదరాబాదు సర్కారు పోయి బొంబాయి సర్కారు వచ్చింది. అదీ పోయి మహారాష్ట్ర వచ్చింది. భోజన్న గేటు మాత్రం ఉన్నచోటనే ఉంది. స్టేషన్ వాళ్లతో హిందీ, సంతలో మరాఠీ, ఇంట్లో తెలుగు. మూడింటిలోనూ అతని మాట పెళుసే. అనుసూయాబాయి అతన్ని కట్టుకుని ఇన్నేళ్లు నెగ్గుకొచ్చిందంటే ఆమెకే దండం పెట్టాలి.

అతని అన్న పోచన్న ఊళ్లో సేద్యం చేసేవాడు. కాళ్లూ చేతులూ బాగా ఆడుతుండగానే, కొడుకులు అడిగారు గదా అని భూమి పంచి ఇచ్చేశాడు. ఇంకేముంది, ఒక నెల పెద్దోడి ఇంట్లో తిండి, ఒక నెల చిన్నోడి ఇంట్లో. నెల మారే రోజు వచ్చిందంటే ఆ పూట ముసలాయనకు ఎవరు పెట్టాలని ఇద్దరు కోడళ్లకు వీధిలో తగువు. ఒకసారి భోజన్న సరిగ్గా ఆ రోజే ఊరికి పోయాడు. అన్న రెండు గడపల మధ్య గోడకు ఆనుకుని, ఎవరు పిలుస్తారా అని కూర్చుని ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి, ఆకలిగా లేదురా అన్నాడు. ఆ అబద్ధం భోజన్న కడుపులో ముల్లులా దిగింది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని మనవాళ్లు ఊరికే అన్నారా? తన నౌకరీ ఆఖరి రోజు దాకా చేస్తాననీ, పూర్తి పెన్షన్ తీసుకుంటాననీ, చచ్చేదాకా ఎవడి ముందూ చెయ్యి చాపననీ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు పెట్టుకోవడానికేం, పెట్టుకున్నాడు. కానీ కొడుకున్నాడే, మాణిక్, వాడి సంగతి? వాడు ఏడు చదివి, నాందేడ్‌లో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు. పత్తి ఉన్నన్నాళ్లే పని. సీజన్ అయిపోతే మిల్లు గేటుకు తాళం, వీడి కడుపుకూ తాళం. పెళ్లి చేశారు, కోడలు సుమన వచ్చింది. పత్తి లేని నెలల్లో మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అద్దె గదిలో కూర్చునేవారు. ఇంకొక్క ఏడాది పోతే వాడికి సర్కారు నౌకరీ వయసు దాటిపోతుంది.

ఇటు చూస్తే భోజన్న కుడి కన్ను మసకేసింది. ఎడమ కన్ను ఒక్కటే పనిచేస్తోంది. ఈ సంగతి కనిపెట్టినవాడు బాలన్న. పాత గ్యాంగువాడు, పక్క క్వార్టరువాడు, లోకంలోని కాయిదాలన్నీ, అంటే సర్కారు రూల్సన్నీ తనకే తెలుసనుకునేవాడు. ఈ కాయిదా మాత్రం నిజంగానే తెలుసు. కంటి పరీక్షలో తప్పితే గేటు మనిషిని ఇంటికి పంపేస్తారు. తక్కువదో ఎక్కువదో పెన్షన్ అప్పటినుంచే మొదలవుతుంది, అతని కొడుకును నౌకరీలోకి తీసుకుంటారు. అలా కాక మిగిలిన నాలుగేళ్లూ లాగేస్తే పెన్షన్ నిండుగా వస్తుంది, కొడుక్కి మాత్రం ఏమీ రాదు. ఇప్పుడే దిగి సగం తినడమా, ఆగి నిండుగా తినడమా? భోజన్న ముందున్నది అదొక్కటే.

ఆ ముందటేడు పరీక్షలో అతను తప్పించుకున్న తీరు వింటే నవ్వొస్తుంది. డాక్టరు కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకో అన్నాడు. భోజన్న కుడి చేత్తో కుడి కన్ను మూశాడు. ఇప్పుడు రెండోది మూసుకో అన్నాడు. భోజన్న చేయి మార్చాడు గానీ కన్ను మార్చలేదు. ఎడమ చేయి ముక్కు మీదుగా తెచ్చి మళ్లీ ఆ కుడి కన్నే మూశాడు. బయట అరవై మంది గ్యాంగువాళ్లు బారులు తీరి ఉంటే ఏ డాక్టరు తలెత్తి చూస్తాడు? ఈసారి ఆ చేయి సరిగ్గా పెడితే చాలు, కొడుక్కి బతుకు దొరుకుతుంది. అనుసూయాబాయి ఏడాదంతా ఇదే పాట పాడింది. అన్నం పెడుతూ పాడింది, పడుకోబోతూ పాడింది. అతనేమో, నా అన్నకు వాని కొడుకులు పెట్టిండ్రా బువ్వ అని ఆమె మీదే లేచేవాడు.

ఇక్కడ భోజన్న నోరు గురించి ఒక మాట చెప్పాలి. ఆ నోరే అతని కొంప ముంచింది. గ్యాంగులో శివరాం అని ఒకడు డ్యూటీలో ఉండగా జ్వరమొచ్చి పోయాడు. పెళ్లాం సుందరబాయి పదకొండు రోజులూ ఏడ్చి, కర్మ చేసి, చుట్టాలను సాగనంపి, డ్యూటీలో పోయినవాడి ఇంట్లో ఒకరికిచ్చే నౌకరీ అడగడానికి అప్పుడు దఫ్తరుకు, అదే రైల్వే ఆఫీసుకు పోయింది. ఇన్నాళ్లు ఏం చేశావన్నారు, రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. ఆమె తిరిగి తిరిగి చివరికి స్టేషన్ ముందు అరటిపళ్లు అమ్ముకుంది. భోజన్న ఈ కథ కొడుక్కి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ చివర ఒకటే మాట: “నేను సస్తె ముందుగల్ల దఫ్తరుకు పోరా. ఏడుపు ఎనుకకైనా ఏడ్వచ్చు.”

డెబ్బై రెండు కరువు వచ్చింది. గోదావరిలో ఇసుక తప్ప ఏమీ లేదు. పత్తి లేదు, జిన్నింగు లేదు. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి చూస్తే లైను పక్కన కరువు పనివాళ్లు కంకర కొడుతున్నారు. అందులో ఒకడు భోజన్న పాత నీలం చొక్కా వేసుకున్నాడు. భోజన్నకు మసక కన్నుతోనైనా ఆ చొక్కా తెలియదా? మాణిక్ తండ్రిని చూసి కూడా చూడనట్టు తల వంచుకుని సుత్తె దించుతున్నాడు. పక్కన సుమన, నిండు నెలల మనిషి, తట్ట ఎత్తుతోంది. తాను ఏ కంకర మోసి నడుము పోగొట్టుకున్నాడో ఆ కంకరే. ఒట్టు గట్టు తెగింది. ఇంటికొచ్చి అనుసూయాబాయితో, వచ్చే సోమవారం డాక్టరు వస్తున్నాడు, ఈసారి చెయ్యి సరిగ్గానే పెడతానన్నాడు. ఆమె కాసేపు నమ్మలేదు. నమ్మాక కొంగుతో ముఖం కప్పుకుని వంటింట్లోకి పోయింది.

మర్నాడు పొద్దున ఆమె పోలెలు, అదే బొబ్బట్లు చేసింది. కరువులో బెల్లమెక్కడిది, పప్పెక్కడిది అంటే, ఆడవాళ్ల దాపరికం ఆ దేవుడికే తెలియాలి. భోజన్న గేటు గది బయట గోడ నీడలో కూర్చుని పోలె తుంచాడు. నోట్లో పెట్టుకోబోతుంటే వెనకనుంచి కాకి వచ్చి నడినెత్తిన ఫెడీమని తన్ని, పోలె ముక్క లాక్కుపోయింది.

కాకి తంతే ఏమవుతుందో అక్కడ చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. చావు తలుపు తట్టినట్టు. దానికి విరుగుడు ఒకటే. తన్నించుకున్నవాడు పోయాడని అయినవాళ్లకు దొంగ కబురు పంపాలి. వాళ్లు నమ్మాలి, గుండెలు బాదుకుని ఏడవాలి. ఆ కన్నీళ్లతో చావు కడుక్కుపోతుంది. ఏడ్చాక నిజం చెప్పాలి, ఏడవక ముందు చెబితే విరుగుడు పనిచేయదు. అనుసూయాబాయి చేతిలో పిండి కడుక్కోకుండానే బయటికి ఉరికింది. మొగుణ్ణి కట్టుబట్టలతో తలమీద నీళ్లు గుమ్మరించుకోమంది. కర్ఖేలిలో ఉన్న ఆడబిడ్డ ముత్తెమ్మకు ఒకరిని పంపింది. మామూలుగా ఇలాంటి కబురు కన్నబిడ్డలకు పంపరు. కానీ ఆమె మనసు ఆగలేదు. కన్నకొడుకు ఏడిస్తే ఇంకా గట్టి విరుగుడని, నాందేడ్ పోతున్న బాలన్నను పట్టుకుని మాణిక్‌కు కూడా చెప్పమంది. మాణిక్ ఆ రోజు కంకర పని లేక నాందేడ్ గదిలోనే ఉన్నాడు. భోజన్న వద్దన్నాడు. వద్దన్నాడు గానీ గట్టిగా అనలేదు. కొడుకు ఎట్లా ఏడుస్తాడో తెలుసుకోవాలని ఏ తండ్రికి ఉండదు చెప్పండి?

ముత్తెమ్మ కబురు వినగానే పొయ్యి మీది అంబలి కాళ్ల మీద పడినా చూసుకోలేదట. వీధిలో దొర్లి ఏడ్చిందట. చచ్చినోడి కళ్లు చారెడంటారు గదా, తన తమ్ముడు రాజని, రత్నమని, ఒక్క దుర్మాటైనా ఎరగడని శోకాలు పెట్టిందట. భోజన్న నోరు ఎరిగిన ఊరివాళ్లు ఏడుస్తూనే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. నిజం చెప్పాక తమ్ముణ్ణి నాలుగు తిట్లు తిట్టి, నోరు తీపి చేసుకొమ్మని వచ్చినవాడి చేతికి బెల్లం ముక్క ఇచ్చి పంపింది. కర్ఖేలిలో విరుగుడు అంత బాగా జరిగింది.

నాందేడ్ సంగతి వేరే. మధ్యాహ్నం గేటు గదిలో ఫోను మోగింది. బండి వేళ కాదు. ఎందుకబ్బా అనుకుంటూ భోజన్న ఎత్తాడు. అవతల ముద్ఖేడ్ స్టేషన్ మాస్టరు, గేటు మీద ఎవరున్నారని అడిగాడు.

“గేట్ పే కౌన్ హై?”

“భోజన్నా హూఁ సాబ్.”

మాస్టరు గొంతు తగ్గించి, “అరే భోజన్నా, తూ మర్ గయా బోల్కే తేరా బేటా ఇధర్ ఆకే ఖడా హై,” అన్నాడు. నువ్వు పోయావని మీవాడు ఇక్కడికొచ్చి, నౌకరీకి అర్జీ ఎవరికివ్వాలని అడుగుతున్నాడు, చేతిలో స్కూలు సర్టిఫికెట్ కూడా ఉంది, ఏం చెప్పమంటావు అన్నాడు. మాస్టరు మంచివాడే. కానీ నవ్వు ఆపుకోలేకపోతున్నాడని ఫోనులో తెలుస్తూనే ఉంది. నేను బతికే ఉన్నానని చెప్పండి సాబ్, అన్నాడు భోజన్న. ఇంకేం చెబుతాడు?

సాయంత్రం బాలన్న వచ్చాడు, కుక్కిన పేనులా కూర్చున్నాడు. భోజన్న వదిలిపెట్టలేదు. తవ్వి తవ్వి అడిగితే చెప్పాడు. కబురు వినగానే మాణిక్ కట్టెలా నిలబడిపోయాడట. కన్నీటి చుక్క రాలేదట. రాలేదు గనక బాలన్న నిజం చెప్పడానికి లేదు. ఏడుస్తాడేమోనని ఎదురు చూస్తూ ఉన్నాడు. మాణిక్ కొంతసేపటికి నోరు విప్పి ఒకటే మాట అడిగాడట: “డ్యూటీల ఉండంగనే పోయిండా?” ఔనని తలూపాడు బాలన్న. అంతే, మాణిక్ పెట్టె తెరిచి ఏదో కాగితం జేబులో పెట్టుకుని, మళ్లీ వస్తా కూర్చోమని చెప్పి, పరుగున పోయాడట. పాపం బాలన్న తిరుగు బండి వేళ దాకా అక్కడే కూర్చున్నాడు, ఏడుపు వస్తే నిజం చెబుదామని.

మాణిక్ స్టేషన్‌నుంచి ఆగుతూ ఆగుతూ నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. తల్లి గడపలో నిలబడింది. తండ్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాణిక్ ముఖం పాలిపోయి ఉంది. అది తండ్రి బతికినందుకో, స్టేషన్‌లో పరువు పోయినందుకో, నౌకరీ పోయినందుకో చెప్పడం కష్టం.

“కండ్లల్ల నీళ్లు రాలేదారా?” అన్నాడు భోజన్న.

“నువ్వే చెప్తివి గద బాపు, ముందుగల్ల దఫ్తరుకు పొమ్మని. నువ్వు చెప్పినట్టే చేసిన.”

మాట అబద్ధం కాదు. అక్షరం పొల్లుపోకుండా తన మాటే. అదే అసలు మంట. తిడదామంటే తిట్టడానికి చోటు లేదు. కొడుకు తప్పు చేసి ఉంటే ఒక చెంపదెబ్బతో పోయేది, రాత్రికి అన్నం కలిపి తినేవారు. వీడు తప్పు చేయలేదు. తండ్రి మాట జవదాటలేదు. చెప్పినపని చెప్పినట్టు చేసే కొడుకు దొరికాడని భోజన్న సంతోషించాలి గానీ, గుండెలో ఏదో తెగి పడింది. నేను చెప్తిని సరే, నీ కళ్లకు ఎవడు చెప్పిండు రా, అని అడగాలనుకున్నాడు. అడగలేదు. ఎన్నో అనకూడని మాటలు అన్న ఆ నోరు, అనవలసిన ఆ ఒక్క మాట దగ్గర మూసుకుపోయింది. మాణిక్ తల్లి పెట్టిన పోలె కూడా ముట్టకుండా రాత్రి బండికి వెళ్లిపోయాడు.

సోమవారం డాక్టరు వచ్చాడు. ఆ పొద్దున అనుసూయాబాయి మొగుడి కాళ్లు పట్టుకుంది. వాడు ఏడవకపోతే నేను ఏడుస్తున్నా, నా ఏడుపు చూసైనా వాడికి నౌకరీ ఇవ్వమంది. భోజన్న చెప్పులేసుకుని పోయాడు. డాక్టరు ఒక కన్ను మూసుకోమన్నాడు. మూశాడు. రెండోది మూసుకోమన్నాడు. భోజన్న చేయి గాలిలో ఆగింది. ఎడమ కన్ను మీద పెడితే కొడుకు, కుడి కన్ను మీద పెడితే తను. వాడు కంకర కొట్టేది గుర్తుకొచ్చింది. ఆ వెంటనే, డ్యూటీలో ఉండగానే పోయాడా అన్న ప్రశ్న గుర్తుకొచ్చింది. చేయి మారింది, కన్ను మారలేదు. డాక్టరు తలెత్తకుండానే పాస్ అన్నాడు.

ఆ నాలుగేళ్లూ గేటు కాసింది నిజానికి అనుసూయాబాయి. పొద్దు గుంకితే మొగుడికి ఎడమ కన్ను కూడా సరిగా ఆనేది కాదు. సిగ్నల్ పడిందనీ, బండి దీపం కనిపించిందనీ, ఎడ్లబండి గేటుకు అడ్డంగా వస్తోందనీ ఆమే చెప్పేది. కన్నకొడుకు నోటి దగ్గరి కూడు లాక్కున్న మొగుడికి ఆమె కళ్లు అరువిచ్చింది. ఒక్క ప్రమాదం కూడా కాలేదు, ఆ పుణ్యం ఆమెది. మాణిక్ వయసు దాటిపోయింది. అతను గేటు వైపు రావడం మానేశాడు. పండగకు ఒకసారి వచ్చి తల్లికి చీర ఇచ్చి, తండ్రికి దండం పెట్టి, చాయ తాగి పోయేవాడు.

నిండు సర్వీసు, నిండు పెన్షన్. భోజన్న మెడలో పూలదండ వేసి, చేతిలో గొడుగు పెట్టి పంపించారు. చేతికొచ్చినదానితో నాందేడ్‌లో స్టేషన్ వెనక రేకుల ఇల్లొకటి కొన్నాడు. ఎవరికీ చెయ్యి చాపకుండా బతుకుతానన్నవాడు అన్నట్టే బతికాడు. చాపవలసింది మిగిలినవాళ్లే. జిన్నింగులో సగం యంత్రాలు మూలపడి పని ఇంకా తగ్గింది. అద్దె కట్టలేక మాణిక్ పెళ్లాంబిడ్డలతో రేకుల ఇంట్లోకే వచ్చిపడ్డాడు. తండ్రి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఇల్లంతా ఆ పెన్షన్ మీద నడిచింది.

మరుసటేడు అనుసూయాబాయి పోయింది. కొడుకు రైల్వే చొక్కా వేసుకుంటే చూడాలనుకున్న మనిషి, చూడకుండానే పోయింది. ఆ రోజు మాణిక్ ఏడ్చిన ఏడుపు గల్లీ అంతా విన్నది. అవ్వా అవ్వా అని నేలకు తల బాదుకుంటే నలుగురు పట్టుకున్నారు. భోజన్న ఒక మూల కూర్చుని ఆ ఏడుపును చెవులారా విన్నాడు. అయితే వీడికి ఏడవడం వచ్చు, అనుకున్నాడు. పెళ్లాం పోయిన దుఃఖంలోనూ చచ్చిన మనిషి మీద ఈర్ష్య పుట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఈర్ష్య పోలేదు.

తరువాత ఎడమ కన్ను కూడా ఆరిపోయింది. పెన్షన్ తీసుకునేవాడు ఏడాదికొకసారి ఖజానాకు పోయి తాను బతికే ఉన్నానని చూపించుకోవాలి. మాణిక్ తండ్రికి తలంటి, ఉతికిన ధోతి కట్టి, రిక్షాలో తీసుకుపోయేవాడు. మెట్ల దగ్గర వీపు మీద ఎక్కించుకునేవాడు. గుమస్తా పేరు పిలిచేలోగానే, ఉన్నాడు సాబ్, బతికే ఉన్నాడు అని వాడే ముందు అరిచేవాడు. చూసినవాళ్లు, కొడుకంటే ఇలా ఉండాలి అనేవారు. ఇంట్లో కూడా అంతే. దగ్గు వస్తే కషాయం, చలి వేస్తే కంబళి. పాలు లేని రోజు పిల్లలకు లేకపోయినా ముసలాయనకు ఉండేవి. పోచన్నలా గోడకు ఆనుకుని కూర్చునే గతి తమ్ముడికి పట్టలేదు.

పొద్దున పూట భోజన్న ఎండకు వాకిట్లో మంచం మీద కూర్చునేవాడు. మాణిక్ పని లేని రోజుల్లో పక్కనే కర్ర పట్టుకుని కూర్చునేవాడు. రేకుల మీద కాకి గోళ్ల చప్పుడైతే చాలు, హుష్ అంటూ లేచి కర్ర ఊపేవాడు. మొదట్లో భోజన్నకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొన్నాళ్లు ఊరుకున్నాడు. ఒకరోజు ఆ చప్పుడు, ఆ హుష్ మళ్లీ వినబడగానే పిలిచాడు.

“ఎందుకురా కాకిని తోలుతున్నవు?”

“నిన్ను తన్నుతది బాపు.”

“తన్ననియ్యిరా. గీసారి నువ్వు ఏడుస్తవు. నాకెరుక.”

మాణిక్ కర్ర కింద పెట్టలేదు.